వేడికి లేని హద్దు చలికి ఎందుకు? అతివాహకాలు మన ఎండల్లో పనిచేసే రోజు వస్తుందా?

రామగుండంలో ఉంటూ డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. మే నెలలో తమ ఊళ్లో 47 డిగ్రీలకే బయట కాలు పెట్టలేకపోతున్నామని, సూర్యుడి లోపల మాత్రం కోటిన్నర డిగ్రీలు ఉంటాయని చదివానని, మరి చలి మైనస్ 273 దగ్గరే ఎందుకు ఆగిపోతుందని ఆయన అడిగారు. అంత చలిలో తప్ప పనిచేయవంటున్న అతివాహకాలు, అంటే కరెంటును ఏ నిరోధమూ లేకుండా పారనిచ్చే సూపర్‌కండక్టర్లు, మన ఎండల్లో పనిచేసే రోజు వస్తుందా అన్నది రెండో ప్రశ్న. నేను వరంగల్‌లో ఈ పదార్థాల మీదనే పరిశోధన చేసి, తరువాత ముప్ఫై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం బోధించాను కాబట్టి, నా చేతుల మీదుగా తెలిసిన సంగతులతో కొంచెం వివరంగా సమాధానం రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. ఉష్ణోగ్రత అనేది పదార్థంలోని కణాల చలనశక్తి ఎంత ఉందో తెలిపే కొలత; ఉన్న శక్తిని తీసివేయడానికి ఒక అంతు ఉంటుంది కానీ, శక్తిని కలుపుకుంటూ పోవడానికి అలాంటి అంతు కనిపించదు. ఆ అంతే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్, దాన్నే పరమశూన్యం అంటాం. ఇక రెండో ప్రశ్నకు జవాబు: మామూలు గాలి పీడనం వద్ద, గది ఉష్ణోగ్రతలో పనిచేసే అతివాహకం ఇప్పటి వరకు నిరూపితం కాలేదు. వస్తుందా అంటే, రాకూడదని చెప్పే భౌతిక నియమం ఏదీ లేదు. కానీ వచ్చిందని వార్త కనిపించిన ప్రతిసారీ నమ్మవద్దు. ఎందుకు నమ్మవద్దో నా అనుభవంతోనే కింద చెబుతాను.

ఇంటర్‌లో చదివిన చార్లెస్ నియమాన్ని గుర్తు చేసుకోండి. పీడనం మార్చకుండా ఒక వాయువును సున్నా డిగ్రీల నుంచి చల్లబరుస్తూ పోతే, ఒక్కొక్క డిగ్రీకి దాని ఘనపరిమాణం సున్నా డిగ్రీల వద్ద ఉన్నదానిలో సుమారు 273వ వంతు చొప్పున తగ్గుతుంది. ఆ గీతను అలాగే కిందికి పొడిగిస్తే మైనస్ 273 దగ్గర ఘనపరిమాణం సున్నా అవుతుంది. నిజమైన వాయువు ఏదైనా ఆ లోపే ద్రవంగా మారిపోతుంది కాబట్టి ఆ గీత చివరి దాకా మనం ప్రయాణించలేము. అయినా ఏ వాయువుతో గీసినా గీతలన్నీ అదే బిందువును చూపించడం యాదృచ్ఛికం కాదు. అక్కడి నుంచి లెక్కపెట్టే కొలమానమే కెల్విన్. ఈ విషయంలో సెల్సియస్‌ను పక్కన పెట్టి కెల్విన్‌లో ఆలోచించడం అలవాటు చేసుకోండి, సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

కెల్విన్‌లో చూస్తే, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మీ ఊరి 47 డిగ్రీలు 320 కెల్విన్ అవుతుంది. ఆదిలాబాద్ వైపు పుష్య మాసపు తెల్లవారుజామున 5 డిగ్రీలు పడితే అది 278 కెల్విన్. మనం ఎండ అని, చలి అని అల్లాడేదంతా 300 చుట్టూ ఉన్న ఈ 42 డిగ్రీల లోపలే, అంటే మొత్తంలో ఏడో వంతులోనే జరిగిపోతోంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే పాఠ్యపుస్తకాల్లో వీటిని తరచుగా వదిలేస్తారు. మొదటిది, పరమశూన్యం దగ్గర కణాల కదలిక పూర్తిగా ఆగిపోతుందన్న మాట సరి కాదు. క్వాంటం నియమాల ప్రకారం, తీసివేయడానికి వీలు లేని కనీస శక్తి ఒకటి మిగిలే ఉంటుంది. దానికి సాక్ష్యం హీలియం: మామూలు పీడనంలో ఎంత చల్లబరచినా అది గడ్డకట్టదు, గడ్డకట్టించాలంటే సుమారు 25 రెట్ల వాతావరణ పీడనం పెట్టాలి. రెండోది, పరమశూన్యానికి ఎంత దగ్గరగానైనా వెళ్లవచ్చు కానీ, లెక్కపెట్టగలిగినన్ని మెట్లలో దాన్ని చేరుకోలేము. ప్రతి మెట్టులోనూ మిగిలినదానిలో కొంత భాగాన్ని మాత్రమే తీయగలుగుతాము.

ఆ మెట్టు ఎలా ఉంటుందో చూడాలంటే వేసవిలో మీ ఇంట్లోని రంజన్‌ను చూడండి. మట్టి రంధ్రాల గుండా చెమ్మగా పైకి వచ్చిన నీటిలో ఎక్కువ వేగంగా ఉన్న అణువులు ముందు ఆవిరై వెళ్లిపోతాయి, మిగిలిన వాటి సగటు శక్తి తగ్గుతుంది, లోపలి నీళ్లు చల్లబడతాయి. 1995లో అమెరికాలోని కొలరాడోలో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ అనే శాస్త్రవేత్తలు రుబీడియం పరమాణువులను సుమారు 170 నానోకెల్విన్‌కు, అంటే ఒక డిగ్రీని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 170 భాగాలకు, తీసుకువెళ్లినప్పుడు వాడిన చివరి పద్ధతి అచ్చంగా ఇదే. ముందు లేజర్ కాంతితో చల్లబరచి, అయస్కాంత క్షేత్రంలో బంధించి, వేగంగా ఉన్నవాటిని బయటికి పోనిచ్చారు. అలా పరమాణువులన్నీ ఒకే క్వాంటం స్థితిలోకి చేరాయి; ఆ స్థితికి మూలమైన కణాల గణాంక పద్ధతిని 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఇచ్చారు, అందుకే దానికి బోస్ పేరు, ఐన్‌స్టీన్ పేరు కలిపి పెట్టారు.

ఇప్పుడు మీ ప్రశ్నలో దాగి ఉన్న అసలు అపోహ దగ్గరికి వస్తాను. చలికి హద్దు ఉంది కాబట్టి ఆ దారి పొట్టిదని మీరు అనుకుంటున్నారు. ఉష్ణోగ్రతలను తీసివేతతో కాదు, రెట్లతో పోల్చాలి. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్ అనుకుంటే సూర్యుడి కేంద్రం దానికి 50,000 రెట్లు వేడి. యూరప్‌లోని సెర్న్ కణభౌతిక ప్రయోగశాలలో సీసపు కేంద్రకాలను ఢీకొట్టించి సాధించినట్లు 2012లో ప్రకటించిన ఉష్ణోగ్రత సుమారు 5.5 లక్షల కోట్ల కెల్విన్; అది గదికి 1,800 కోట్ల రెట్లు. అటు చలి వైపు చూడండి: 2021లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో, ఎత్తైన గోపురం లోపల పరికరాన్ని కిందికి జారవిడిచి చేసిన ప్రయోగంలో రుబీడియం పరమాణువులు 38 పికోకెల్విన్‌కు (పికో అంటే లక్ష కోట్లవ వంతు) చేరాయి. అది గది ఉష్ణోగ్రతలో సుమారు 8 లక్షల కోట్లవ వంతు. రెట్ల లెక్కన చూస్తే మనిషి వేడి వైపు కంటే చలి వైపే ఎన్నో రెట్లు ఎక్కువ దూరం ప్రయాణించాడు. నేను ఈ మాట తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు కాలిక్యులేటర్ తీసి సరిచూసుకునేవారు, మీరూ చూసుకోండి.

ప్రకృతి సంగతి వేరు. ప్రకృతికి వేడి పుట్టించడం తేలిక: గురుత్వాకర్షణతో దగ్గరికి నొక్కితే చాలు, నక్షత్రం వెలుగుతుంది. మెరుపు మార్గంలోని గాలి ఒక్క క్షణం సూర్యుడి ఉపరితలం కంటే అనేక రెట్లు, దాదాపు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చలి విషయంలో ప్రకృతి చేతులు కట్టేసినట్లే ఉంటుంది, ఎందుకంటే విశ్వమంతా ఆది విస్ఫోటం నుంచి మిగిలిన 2.7 కెల్విన్ వికిరణంలో మునిగి ఉంది. భూమి మీద వాతావరణ కేంద్రంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత అంటార్కిటికాలోని వోస్టోక్‌లో 1983 జూలై 21న పడిన మైనస్ 89.2 డిగ్రీలు, దాన్ని కెల్విన్‌లో రాస్తే ఇంకా 184. చంద్రుడి ధ్రువాల దగ్గర ఎన్నడూ ఎండ సోకని గుంటలు 30 కెల్విన్ లోపుకు దిగుతాయి. 2.7 కన్నా చల్లగా ఉన్న సహజ ప్రదేశంగా చెప్పుకోదగినది సుమారు 5,000 కాంతి సంవత్సరాల దూరంలోని బూమరాంగ్ నెబ్యులా. అక్కడ చనిపోతున్న నక్షత్రం నుంచి వాయువు మహావేగంతో వ్యాకోచిస్తూ 1 కెల్విన్ వరకు చల్లబడింది. అంటే విశ్వంలో మనకు తెలిసినంత వరకు అతి చల్లని చోట్లు ప్రయోగశాలల్లోనే ఉన్నాయి.

వేడికి నిజంగానే పై హద్దు లేదా అంటే, 1 పక్కన 32 సున్నాలు పెట్టినంత ఉష్ణోగ్రత దగ్గర మనకు తెలిసిన సిద్ధాంతాలు పనిచేయడం మానేస్తాయి. దాన్ని ప్లాంక్ ఉష్ణోగ్రత అంటారు. అది మన జ్ఞానానికి హద్దే తప్ప, వేడికి హద్దని ఎవరూ నిరూపించలేదు.

ఇక అతివాహకత. 1908 జూలై 10న హాలండ్‌లోని లైడెన్‌లో కామెర్లింగ్ ఓన్స్ మొదటిసారి హీలియాన్ని ద్రవంగా మార్చారు. ఆ ద్రవం 4.2 కెల్విన్ వద్ద మరుగుతుంది. అంత చలిలో లోహాల నిరోధం ఏమవుతుందో చూడటానికి ఆయన పాదరసాన్ని ఎంచుకున్నారు. స్వేదనం చేసి చాలా శుద్ధంగా తయారు చేసుకోవచ్చు కాబట్టి. 1911లో ఆ పాదరసం నిరోధం మెల్లగా తగ్గకుండా, 4.2 కెల్విన్ దగ్గర ఒక్కసారిగా కొలవలేనంతగా పడిపోయింది. ఆ మార్పు జరిగే బిందువును సందిగ్ధ ఉష్ణోగ్రత అంటాం. సీసానికి అది 7.2, నియోబియానికి 9.2. మంచి వాహకాలైన రాగి, వెండి, బంగారం మామూలు పీడనంలో అతివాహకాలు కానే కావు. పాఠం విన్న ప్రతి బ్యాచ్‌కూ ఇదే అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది. ఎలక్ట్రాన్లకు, లోహపు జాలక (పరమాణువుల క్రమమైన అమరిక) కంపనాలకు మధ్య సంబంధం బలహీనంగా ఉండటం వల్లనే అవి మంచి వాహకాలయ్యాయి. అతివాహకతకు కావలసింది ఆ సంబంధమే.

ఎందుకో చెబుతాను. మామూలు తీగలో ఎలక్ట్రాన్ ఒంటరిగా వెళుతూ, కంపిస్తున్న పరమాణువుల వల్ల, మలినాల వల్ల దారి తప్పుతుంది. ఆ నష్టమే వేడి. తగినంత చలిలో ఎలక్ట్రాన్లు జాలకం ద్వారా ఒకదానినొకటి ఆకర్షించి జతకడతాయి, ఆ జతలన్నీ కలిసి ఒకే క్వాంటం స్థితిలోకి చేరుతాయి. ఒక జతను విడదీసి దారి తప్పించాలంటే కనీసం ఇంత శక్తి ఇవ్వాలన్న నియమం ఏర్పడుతుంది. ఆ చలిలో జాలకం దగ్గర ఆ కనీస శక్తి ఉండదు కాబట్టి తాకిడి జరగనే జరగదు. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చిన వివరణ ఇది. వేడి ఎక్కితే జతలు విడిపోతాయి, గుణం పోతుంది. మీ ఎండలో అతివాహకం నిలవాలంటే 320 కెల్విన్ కుదుపులకు తట్టుకునేంత గట్టి జతలు కావాలి. కష్టమంతా ఇక్కడే ఉంది.

1986లో బెడ్నోర్జ్, మ్యూలర్ జూరిక్ దగ్గర, విద్యుత్తును సరిగా ప్రసరింపజేయని పింగాణీ వంటి రాగి ఆక్సైడ్లలో 30 కెల్విన్ పైన అతివాహకతను చూశారు. మరుసటి ఏడాదే ఇట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్ కలిసిన వైబీసీఓ 93 కెల్విన్‌కు చేరింది. ఆ అంకెతో మా బోటి చిన్న ప్రయోగశాలలకు తలుపు తెరుచుకుంది, ఎందుకంటే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ వద్దే మరుగుతుంది. హీలియం మాకు అందని సరుకు; నైట్రోజన్ అలా కాదు, పశువుల ఆసుపత్రిలో కృత్రిమ గర్భధారణ కోసం వీర్యపు గొట్టాలను దాచే క్యాన్‌లో ఉండేది కూడా అదే.

మేము వైబీసీఓ బిళ్లలను చేతితో తయారు చేసేవాళ్లం. ఇట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, రాగి ఆక్సైడ్‌లను లోహాల పరమాణువులు 1:2:3 నిష్పత్తిలో వచ్చేలా తూచి, అగేట్ కల్వంలో భుజాలు లాగేదాకా నూరి, 900 డిగ్రీల పైన కొలిమిలో కాల్చి, మళ్లీ నూరి, బిళ్లగా నొక్కి మళ్లీ కాల్చాలి. చివరి మెట్టే ప్రాణం: ఆక్సిజన్ పారుతుండగా 450 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి ఉంచి నెమ్మదిగా చల్లార్చాలి. ఒక రాత్రి చల్లారే సమయంలో కరెంటు పోయి కొలిమి త్వరత్వరగా చల్లబడింది. తెల్లారి తీసి చూస్తే బిళ్ల నల్లగా, నిగనిగలాడుతూ, ఎప్పటిలాగే ఉంది. అతివాహకం తన పైన పెట్టిన అయస్కాంతాన్ని గాలిలోకి నెట్టాలి; కానీ ఈ బిళ్లను ద్రవ నైట్రోజన్‌లో ముంచి పైన అయస్కాంతం పెడితే అది కొంచెం కూడా లేవలేదు. దాన్నే మళ్లీ ఆక్సిజన్‌లో పెట్టి, ఓపికగా చల్లార్చిన తరువాత అదే బిళ్ల పైన అదే అయస్కాంతం గోరు మందం ఎత్తున గాలిలో నిలిచింది. మిగతావన్నీ ఉన్నవే, తేడా కొద్దిపాటి ఆక్సిజన్‌ది మాత్రమే. ఒకవేళ బిళ్లలో పచ్చదనం కనిపిస్తే మాత్రం అది వేరే సమ్మేళనం, దానితో ఫలితం రాదు.

ఇప్పుడు పుకార్ల సంగతి. ఒకసారి మా బిళ్లలో నిరోధం 110 కెల్విన్ దగ్గరే సున్నాకు పడిపోయింది. ఆ అరగంట మా ఆనందం చెప్పలేనిది. మా మార్గదర్శకులు వచ్చి, ఏమీ అనకుండా, కరెంటు కొలిచే మీటరును చూపించారు. చలికి, తీగలను అతికించిన వెండి పేస్టు చిట్లి, కరెంటు పంపే తీగ బిళ్ల నుంచి విడిపోయింది. బిళ్లలో కరెంటే పారనప్పుడు వోల్టేజి సున్నా కాక మరేమవుతుంది? ఆ రోజు నుంచి సున్నా నిరోధం ఒక్కటే చూపిస్తే అతివాహకం అని ఒప్పుకోను. అయస్కాంత క్షేత్రాన్ని లోపలి నుంచి బయటికి నెట్టివేయడం కూడా చూపించాలి. 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ కనుగొన్న ఈ రెండో గుణం లేకపోతే అది అతివాహకం కాదు.

2023లో దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం కథను దీనితో పోల్చి చూడండి. గది ఉష్ణోగ్రతలో అతివాహకం దొరికిందని ప్రపంచమంతా మోగిపోయింది. కొద్ది వారాల్లోనే, 104 డిగ్రీల దగ్గర నిరోధం పడిపోవడానికి కారణం అందులో మలినంగా ఉన్న రాగి సల్ఫైడ్ అని తేలింది. గాలిలో తేలినట్లు కనిపించిన ముక్కలవి మామూలు అయస్కాంత గుణాలే. అంతకు ముందు 2020లోనూ, 2023లోనూ పేరున్న శాస్త్ర పత్రికలో వచ్చిన గది ఉష్ణోగ్రత అతివాహకాల వ్యాసాలు రెండూ ఉపసంహరణకు గురయ్యాయి. నిలబడిన ఫలితాలు వేరే ఉన్నాయి: హైడ్రోజన్ సల్ఫైడ్ 203 కెల్విన్ వద్ద (2015), లాంథనం హైడ్రైడ్ 250 కెల్విన్ వద్ద, అంటే మైనస్ 23 డిగ్రీల వద్ద (2019). అయితే రెండింటికీ వజ్రాల మధ్య నొక్కి పుట్టించే, వాతావరణ పీడనానికి 15 లక్షల రెట్లకు మించిన పీడనం కావాలి. మామూలు పీడనంలో ముందువరుసలో ఉన్నది 1993లో దొరికిన పాదరసపు రాగి ఆక్సైడ్. అది సుమారు మైనస్ 140 డిగ్రీల దగ్గర ఆగుతుంది.

అంత చలి కావాలంటే లాభమేమిటని మీరు అనవచ్చు. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఎంఆర్ఐ తీయించుకున్న మీ బంధువుల చుట్టూ ఉన్నది సాధారణంగా ద్రవ హీలియంతో చల్లబరచిన నియోబియం-టైటానియం తీగచుట్టే. సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న యంత్రంలోని ప్రధాన అయస్కాంతాలు 1.9 కెల్విన్ వద్ద, అంతరిక్షం కన్నా చల్లగా, పనిచేస్తాయి. ఇందాక చెప్పిన 5.5 లక్షల కోట్ల డిగ్రీలు పుట్టింది ఆ యంత్రంలోనే. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ అనే, కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే సంలీన యంత్రంలో 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాను పట్టి ఉంచవలసిన అయస్కాంతాలు దానికి కొన్ని మీటర్ల దూరంలోనే మైనస్ 269 డిగ్రీల వద్ద ఉండాలి. వాటన్నిటినీ కప్పి ఉంచే పెద్ద క్రయోస్టాట్‌ను, అంటే చలిని నిలిపే పాత్రను, సమకూర్చింది మన దేశమే.

మీది విద్యుత్ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి, రామగుండం నుంచి నష్టం లేకుండా అతివాహక తీగలతో కరెంటు పంపవచ్చు కదా అన్న ప్రశ్న మీకు తప్పక వస్తుంది. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో 2014లో ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే కిలోమీటరు పొడవైన కేబుల్‌ను నిజంగానే వేశారు. అయితే తీగ నష్టం తగ్గినా, చల్లబరిచే ఖర్చు దారి పొడవునా ఉంటుంది. 77 కెల్విన్ దగ్గర నుంచి ఒక వాట్ వేడిని బయటికి తోడాలంటే కార్నో లెక్క (వేడి యంత్రాలకు సిద్ధాంతం పెట్టిన హద్దు) ప్రకారమే కనీసం 3 వాట్లు కావాలి, 4.2 దగ్గరైతే 70. నిజమైన యంత్రాల్లో ఈ అంకెలు చాలా రెట్లు పెరుగుతాయి. పైగా ఏసీ కరెంటులో అతివాహకానికి కూడా కొద్దిపాటి నష్టం ఉంటుంది. అందుకే ఇరుకైన నగరాల్లో తక్కువ దూరాలకు ఇది పనికొస్తుంది, పొలాల మీదుగా వందల కిలోమీటర్లు సాగే లైన్లకు ఇప్పట్లో పనికిరాదు.

మీ కాలేజీలో తేలే అయస్కాంతాన్ని చూపించాలనుకుంటే రెడీగా చేసిన వైబీసీఓ బిళ్లలు దొరుకుతాయి, కొనుక్కోండి. ద్రవ నైట్రోజన్ విషయంలో మాత్రం నా మాట తప్పవద్దు. ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది. దాన్ని బిగుతు మూత ఉన్న సీసాలో ఎన్నడూ పోయకూడదు, అద్దాలు మూసిన కారులో తేకూడదు, కిటికీలు లేని గదిలో వాడకూడదు. వాసన లేకుండా గదిలోని ఆక్సిజన్‌ను తగ్గించేస్తుంది కాబట్టి ఊపిరాడడం లేదన్న సంగతి మనకు ముందుగా తెలియదు. ప్రదర్శనను వానాకాలంలో కాకుండా డిసెంబరు, జనవరి నెలల పొడి గాలిలో పెట్టుకోండి. తేమ ఎక్కువగా ఉంటే బిళ్ల మీద తెల్లగా మంచు పేరుకొని అయస్కాంతం సరిగా కనిపించదు. పని అయ్యాక బిళ్లను వెంటనే ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన డబ్బాలో దాచండి, తడి తగిలితే వైబీసీఓ పాడవుతుంది.